గోడ వెనక బ్యాండు

బోనాలు దగ్గర పడుతున్నాయని నీలమ్మ వెనకిల్లు అనే వెనక గదిలో గోడ పని పట్టుకుంది. మొదటి వానలకే ఆ గోడ చెమర్చింది. కింది సగంలో పూత పొంగి, వేలితో తడితే డొల్లగా మోగుతోంది. మెదక్ వైపు పల్లెలో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి, మట్టి గోడ ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ ఊరికే నిలబడి ఉందో చెయ్యి ఆనిస్తే ఆమెకు తెలిసిపోతుంది. పాత పూత రాల్చి కొత్తది పూద్దామని బకెట్టులో మట్టి నానబోసి, కొంగు నడుముకు దోపి, ఇనుప గరిటెతో గీకడం మొదలుపెట్టింది.

ఇంట్లో ఎవరూ లేరు. భర్త సాయిలు పొద్దున్నే ఆర్టీసీ వర్క్‌షాపుకు పోయాడు. మామ గుండయ్య నయాపూల్ దాటి ఉస్మాన్‌గంజ్‌కు పోయాడు. అక్కడొక మిర్చి దుకాణంలో కాటా దగ్గర కూర్చుంటాడు. అత్త ఆగమ్మ పోయి రెండేళ్ళవుతోంది.

నడుమెత్తు దగ్గర పెద్ద పెచ్చు ఊడి నీలమ్మ కాళ్ళ ముందు పడింది. దాని వెనక ఉన్నది గోడలా లేదు. మిగతా గోడంతా వరస మీద వరసగా పెట్టిన పాత మట్టి, రాయిలాగా బిగిసిపోయి ఉంది. ఇక్కడ మాత్రం చిన్న రాళ్ళు, పెంకు ముక్కలు, వాటి సందుల్లో చేత్తో కుక్కిన మట్టి ముద్దలు. ఒక ముద్దను కదిలిస్తే ఊడి వచ్చింది. పక్కనున్న రాయి తీస్తే అవతల చీకటి కనిపించింది. ఆ చీకట్లోంచి చిలుము పట్టిన రాగి వాసన వచ్చింది.

ఇంటికీ, వెనకనున్న దేవిడి అనే పాత బంగళా ప్రహరీకీ మధ్య సన్నటి సందు ఒకటుందని ఆమె ఎప్పుడో విన్నది. రెండు వైపులా మూసేసిన సందు. దానిలోకి పిల్లి కూడా పోదు. మరి ఈ వాసన ఎక్కడిది? భయపడుతూనే చెయ్యి లోపలికి పెట్టింది. చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. బిందె మూతి అనుకుంది. లంకెబిందెలేమోనని ఇంకాస్త ముందుకు వంగింది. అంచు పట్టుకుని వేళ్ళు లోపలికి జరిపితే బిందె సన్నబడింది, ఇంకా జరిపితే పక్కకు తిరిగింది, మళ్ళీ తిరిగింది. పామేమోనని చెయ్యి లాగేసుకుంది. పాము అయితే కదలాలి కదా అని తనకు తానే చెప్పుకుని మళ్ళీ పట్టుకుని లాగింది.

అది ఒక బాజా. పచ్చగా చిలుము పట్టి, చుట్టలు చుట్టుకుని, పెద్ద నోరు తెరుచుకుని ఉంది. తల వైపు మాత్రం ఊదే మూతి లేదు, ఉత్త గొట్టం. దాని వెనక ఇంకొకటి. దాని కింద పొడుగ్గా సాగే గొట్టాలది. నల్ల కర్రది, మీటలున్నది. ఎండిన తోలు తిత్తికి కర్ర గొట్టాలు గుచ్చినది, ఎలుకలు కొట్టినది. ఇత్తడి తాళాల జత. ఒక్కొక్కటే తీసి చాప మీద పెడుతూ పోతే చాప నిండింది. అన్నింటి మీదా ఏదో ముద్ర చెక్కి ఉంది, కిరీటం లాంటిది, దాని కింద ఉర్దూ అక్షరాలు. ఊదేవాటిలో ఒక్కదానికీ మూతి లేదు.

నీలమ్మకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. ఎందుకంటే తన మామకు గల్లీలో ఉన్న పేరు ఆమెకు తెలుసు.

బ్యాండు మింగిన గుండయ్య. అదీ ఆ పేరు. కాపురానికి వచ్చిన కొత్తలో కిరాణా దుకాణం దగ్గర ఎవరింటి కోడలివని ఎవరో అడిగారు. ఆమె నోరు తెరిచేలోపే పక్కనున్న మనిషి ఆ పేరు చెప్పాడు. నలుగురూ నవ్వారు. ఉప్పు పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చి అత్తను అడిగితే, ఆగమ్మ చేతిలో ఉన్న పని వదిలి నేరుగా ఆ దుకాణం ముందుకు పోయి, గల్లీ గల్లీ వినేటట్టు లొల్లి పెట్టింది. నీలమ్మ అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేదు. సంగతి తర్వాత సాయిలే చెప్పాడు.

ఆ వెనక దేవిడిలో ఒకప్పుడు ఒక జాగీర్దారు ఉండేవాడు. ఆయనకు సొంత బ్యాండు. గుండయ్య దానికి మాస్టరు, ఎదురింటి మొగులయ్య కార్నెట్ అనే ఇత్తడి బాజా ఊదేవాడు. పోలీసు యాక్షన్ అయిన ఏడాది జాగీర్దారు ఊరు విడిచిపోతూ, బాజాలన్నీ మీరే తీసుకుని బతకండని వాయించేవాళ్ళకే ఇచ్చిపోయాడు. నోటి మాటే, కాగితం లేదు. అంతలో మొహర్రం, పీర్ల నెల వచ్చింది. నెలవంక కనపడితే పాతబస్తీలో పెండ్లి బాజాలు బంద్. ఆ నెల గడిచేదాకా బాజాలు మాస్టరు ఇంట్లో పెట్టడం వాళ్ళ అలవాటు. అలాగే పెట్టారు. గుండయ్య తల్లి పోయిందని కబురొస్తే ఊరికి పోయి, కర్మలన్నీ చేసి తిరిగొచ్చాడు. వచ్చేసరికి ఇల్లు ఖాళీ. దొంగలు పడ్డారని ఆగమ్మ ఏడ్చింది. ఎవరూ నమ్మలేదు. గుండయ్య మాస్టరు బ్యాండును అమ్ముకుని తిన్నాడన్నారు. వాయించేవాళ్ళు తలోదిక్కు చెదిరిపోయారు. మొగులయ్య చాలా ఏళ్ళు రిక్షా తొక్కాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా, పాతికేళ్ళ పైన, ఆ ఇంటి గడప ఈయన తొక్కలేదు, ఈ ఇంటి గడప ఆయన తొక్కలేదు. గుండయ్య పొద్దున పనికి పోతూ ఎదురు అరుగు వైపు ఒకసారి చూస్తాడు. అరుగు మీద కూర్చున్న మొగులయ్య తల పక్కకు తిప్పుకుంటాడు. నీలమ్మ రోజూ చూసేది అదే.

మామకు ఇంకే ఆశా లేదని ఆమెకు తెలుసు. ఆ తల ఒక్కసారి ఇటు తిరగాలి. అంతే.

సాయంత్రం మొదట సాయిలు వచ్చాడు. చాప మీది బాజాలు చూశాడు. తర్వాత కూలబడి ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూశాడు. అతని ముఖం విప్పారింది.

"బాపు అమ్ముకోలే," అన్నాడు. "సూసినవా? అమ్ముకోలే."

నీలమ్మ గోడకున్న కంత వైపు చూస్తూ ఉండిపోయింది. సాయిలు కూడా అటు చూశాడు. అతని ముఖంలో వెలుగు ఎలా వచ్చిందో అలాగే పోయింది.

"అమ్ముకోలే," అన్నాడు మళ్ళీ, గొంతు తగ్గించి. "దాసిండు."

గుండయ్య మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ ఇల్లు చేరాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి వెనకింటి గడప దగ్గర ఆగిపోయాడు. చాప దగ్గరకు రాలేదు. కళ్ళు చికిలించి, ఒకటొకటిగా పేరుపెట్టి పిలుస్తున్నట్టు పెదవులు కదిపాడు. ఆ తర్వాత, ఇవి ఎవరు తెచ్చారని కొడుకును అడిగాడు.

ఎవరూ తేలేదని, ఇంట్లోనే ఉన్నాయని, గోడ వెనక ఉన్నాయని సాయిలు చెప్పాడు. గుండయ్యకు ఎక్కలేదు. దొంగలు ఎత్తుకుపోయినవి గోడ వెనకకు ఎట్లా వస్తాయని అడిగాడు. అదే నేనూ అడుగుతున్నానన్నాడు సాయిలు. మూతులన్నీ ఏమయ్యాయని కూడా అడిగాడు, అవైనా విడిగా అమ్ముకున్నావా అన్నట్టుగా. గుండయ్య ఆ మాటకు మాత్రం నిదానంగా జవాబు చెప్పాడు. పీర్ల నెలకు బాజా అప్పగించేటప్పుడు మూతి ఊడదీసి ఎవరిది వాళ్ళు ఇంటికి పట్టుకుపోతారు. బాజా పదిమందిదీ, మూతి ఒక్కరిది. ఒకరు నోరు పెట్టినదానికి ఇంకొకరు నోరు పెట్టరు. మూతులు వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండాలి, పారేయకపోతే.

"గదంత సరే," అన్నాడు సాయిలు. "గోడ ఎవరు మూసిన్రు, గది చెప్పు."

గుండయ్య కంత వైపు చూశాడు. ఆయన ముఖం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. జవాబు కోసం తనలో తానే వెతుక్కుంటున్నట్టు ఉంది.

ఆ రాత్రి తండ్రీకొడుకులు చాలాసేపు వాదించుకున్నారు. మొగులయ్యను పిలిచి చూపిద్దామని గుండయ్య అన్నాడు. పిలిచి ఏమని చెబుతావని సాయిలు అడిగాడు. ఇన్నాళ్ళూ దొంగ అని గల్లీ అనుమానపడింది, ఇప్పుడు రుజువు చూపించి మరీ పిలుస్తావా అని అడిగాడు. పొద్దున్నే పాత ఇనుప సామాను కొనేవాడి బండి తెస్తానని, గోనె సంచుల్లో కట్టి ఎవరూ లేవకముందే దాటిస్తానని, ఇత్తడి ఇత్తడిగా పోతుందని తేల్చేశాడు. గుండయ్య కంచంలో అన్నం కలిపి, తినకుండా చెయ్యి కడుక్కున్నాడు.

నీలమ్మ కంచం తీయడానికి పోతే ఆయన మెల్లగా అడిగాడు.

"అవ్వ పోయిన దుఃఖంల మస్తు తాగుతుంటి గప్పుడు. తాగి నేనే గిట్ల చేసిన్నా బిడ్డా?"

 ఇన్నాళ్ళూ నేను కాదు అని నిలబడిన మనిషి, నేనేనేమో అని తడబడుతున్నాడు. ఆ మాటే నీలమ్మను ఎక్కువ బాధపెట్టింది.

పొద్దున సాయిలు బండి కోసం పోయాక ఆమె గోడ దగ్గర కూర్చుంది. పనిలేక కాదు, ఆలోచన తెగక. మామ ఎప్పుడో తాగి చేశాడనుకుంటే, తాగినవాడు గోడకు కంత కొట్టి, ఇన్ని బాజాలు విరగ్గొట్టకుండా అవతలికి దాటించి, రాళ్ళు పేర్చి, మట్టి కుక్కి, ఎక్కడా తేడా తెలియకుండా పూస్తాడా? గోడలు కట్టే సుతారి పనివాడిని పిలిచి చేయించాడనుకుంటే, సుతారికి తాపీ ఉంటుంది. తాపీతో వేసిన మట్టి నున్నగా ఉంటుంది. ఇది అలా లేదు.

నిన్న ఊడబీకిన మట్టి ముద్దలు మూలకు కుప్పగా పడి ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. ముద్ద మీద వేళ్ళ గుంటలు ఉన్నాయి. తడి మట్టిని రాళ్ళ మధ్య గట్టిగా నొక్కినప్పుడు పడిన గుంటలు, ఎండి అలాగే ఉండిపోయాయి. సన్నటి వేళ్ళు. మూడు గుంటలు లోతుగా ఉన్నాయి. నడిమి వేలిది పైపైన తాకి ఆగిపోయింది.

ఇంకొక ముద్ద తీసింది. అందులోనూ అంతే. మూడు లోతు, నడుమది పైపైన. మణికట్టు తగిలిన చోట గాజుల గీతలు.

ఆగమ్మకు కుడిచేతి నడిమి వేలికి కొస లేదు. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలికి తెగిపోయింది. నీలమ్మ ఆమెతో కలిసి ఉన్నది ఒక్క ఏడాదే అయినా, పొయ్యికి మట్టి మెత్తడం ఆమె దగ్గరే చూసింది. ఆగమ్మ అలికిన చోట నాలుగు గీతలు పక్కపక్కన నడిచి, ఒకటి మిగతావాటికన్నా ముందే ఆగిపోయేది.

నీలమ్మ ముద్దను ఒళ్ళో పెట్టుకుంది. మామ దొంగ కాదు. ఈ ముద్ద చూపిస్తే చాలు, కొడుకు నమ్ముతాడు, ఎదురింటాయన తల తిప్పుతాడు. కానీ చూపిస్తే, మొగుణ్ణి దొంగ అన్నవాళ్ళ మీదకు లొల్లికి పోయిన ఆగమ్మే ఆయన్ని దొంగను చేసిందని తేలుతుంది. చనిపోయిన మనిషి మీద ఆ మాట పెట్టాలా? పెట్టకుంటే బతికున్న మనిషి మీద ఉండిపోతుంది. ఎటు తిరిగినా ఎవరో ఒకరు మిగులుతున్నారు. అసలు ఆ తల్లి ఎందుకు చేసిందో కూడా తెలియడం లేదు.

చివరికి ఆమె ఏమీ తేల్చుకోలేదు. మామ దగ్గరకు పోయి ముద్దను ఆయన అరచేతిలో పెట్టింది, అంతే.

గుండయ్య మొదట అర్థం కాక చూశాడు. తర్వాత బొటనవేలితో ఆ గుంటలు తడిమాడు. లోతున్నవి వదిలేసి, పైపైన ఉన్నదాని దగ్గర ఆగాడు. అక్కడే మళ్ళీ మళ్ళీ తడిమాడు.

"గా దినాలల్ల పోలీసులు ఇంటింటికి తిరుగుతుండె," అన్నాడు. "దేవిడి సామాను ఎవరి ఇంట్ల దొరికితే వాళ్ళను పట్టుకపోయిన్రు. పక్క గల్లీల ఒకాయన ఇంట్ల తివాచీ దొరికిందని గుంజుకపోయిన్రు. మన బాజాల మీద జాగీర్దారు మొహరు ముద్ర ఉంది, కాయితం లేదు. ఎవరికన్న ఇచ్చెయ్యమని మీ అత్త రోజు ఏడుస్తుండె. నేను ఇన్లే. ఊరికి పోయిన."

ఆగాడు. గల్లీలో గాజుల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"భయమైంది దానికి. గంతే. తర్వాత చెప్తే నేను దొంగనైతుంటి. మాల్ ఇంట్లనే ఉండె గద. చెప్పకపోయినా దొంగనే అయిన."

లేచి వెనకింట్లోకి నడిచాడు. పూతకని నీలమ్మ నానబోసిన మట్టి బకెట్టులో ఆ ముద్దను వదిలాడు. నీళ్ళు తాగి అది బుడగలు వదులుతూ కరిగింది. ఆయన అది పూర్తిగా కరిగేదాకా చూసి, మొగులయ్యను పిలుచుకు రమ్మన్నాడు.

నీలమ్మ గల్లీ దాటింది. ఎదురింటి గడప దగ్గర నిలబడి, మా మామ పిలుస్తున్నాడని, బాజాలు దొరికాయని చెప్పింది. మొగులయ్య నమ్మలేదు. దొరికాయని ఎవరంటున్నారని రెండుసార్లు అడిగాడు. ఆయన భార్య కొమురమ్మ బియ్యం చేట పక్కన పెట్టి లేచింది. మొగులయ్య లోపలికి పోయి, గుడ్డ మూట ఒకటి జేబులో వేసుకుని వచ్చాడు. ఇద్దరూ గల్లీ దాటారు. గడప దగ్గర ఆయన కాలు ఒక్క క్షణం తడబడింది. అయినా లోపలికి వచ్చాడు.

గుండయ్య చాప పక్కన నిలబడి ఉన్నాడు. రా అనలేదు, కూర్చో అనలేదు. మొగులయ్య ఆయన్ను చూడలేదు. వంగి, చాప మీద తన కార్నెట్‌ను చూసిన వెంటనే తీశాడు. పెద్ద నోటి అంచున ఒక సొట్ట ఉంది. జాగీర్దారు కొడుకు పెండ్లి ఊరేగింపులో గుర్రబ్బండి మీద నుంచి పడినప్పటి సొట్ట అని, తనలో తానే చెప్పుకున్నాడు. జేబులోంచి మూట విప్పాడు. లోపల ఇత్తడి మూతి, కొత్తదానిలా మెరుస్తోంది. పాతికేళ్ళు ఎవరో రోజూ తుడిచినట్టు ఉంది. దాన్ని గొట్టంలో పెట్టి తిప్పితే కూర్చుంది. నోటికి పెట్టుకుని ఊదాడు. శబ్దం రాలేదు. దుమ్ము వచ్చింది. బల్లి గుడ్డు పెంకు ఒకటి రాలి చాప మీద పడింది. మీటలు నొక్కితే కదలలేదు.

ఆయన బాజాను ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు గుండయ్య ముఖంలోకి చూశాడు.

"ఈడ ఎవరు పెట్టిన్రు?"

నీలమ్మ బకెట్టులో మట్టి కలుపుతోంది. ఆమె చెయ్యి ఆగింది.

"నేనే," అన్నాడు గుండయ్య.

"ఎందుకు?"

"యాదికి లేదు."

 నీలమ్మ తలెత్తి మామను చూసింది. ఆయన ఇటు చూడలేదు. అలా చెప్పడానికే మొగులయ్యను పిలిపించాడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళు దేనికోసం ఎదురుచూశాడో దాన్ని తన చేత్తో తానే వదిలేశాడు.

మొగులయ్య లేస్తాడనుకుంది, తిడతాడనుకుంది. ఆయన లేవలేదు. నుదురు ముడుచుకుని, లెక్క కుదరని మనిషిలాగా గోడ వైపు, చాప వైపు, గుండయ్య వైపు మార్చి మార్చి చూశాడు.

"నేను రిక్షా తొక్కిన గుండన్నా," అన్నాడు.

గుండన్నా అన్న ఆ పిలుపు విని కొమురమ్మ మొగుడి వైపు చూసింది. అన్న సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు.

"నువ్వు అమ్ముకున్నవని తిట్టిన. నిన్న గూడ తిట్టిన. నువ్వు అమ్ముకోలే. ఇంట్ల పెట్టుకోని, తిట్లు పడుకుంట కూసున్నవ్. ఎవరన్న గట్ల చేస్తరా? ఇగ నేను తిట్టింది తప్పా, ఒప్పా? నువ్వే చెప్పు."

"ఒప్పే అనుకో," అన్నాడు గుండయ్య.

"అనుకోవుడేంది?"

 ఆ సమయానికే సాయిలు బండివాడిని వెంటబెట్టుకుని వచ్చాడు. గడపలో ఎదురింటివాళ్ళ చెప్పులు చూసి అక్కడే నిలబడిపోయాడు. బండివాడు తల లోపలికి పెట్టి సామాను ఏదని అడిగాడు. మొగులయ్య కార్నెట్ ఒళ్ళోంచి తీయకుండా అన్నాడు.

"జావో భాయ్. కుచ్ నై బేచ్‌నా."

అమ్మేదేమీ లేదనేసరికి బండివాడు గొణుక్కుంటూ పోయాడు. ఏం జరిగిందని సాయిలు తండ్రిని అడిగాడు. గుండయ్య అదే మాట కొడుకుతోనూ చెప్పాడు, తనే దాచానని, ఎందుకో గుర్తులేదని. నిన్న రాత్రి తెలియదన్నవాడు ఈ పొద్దున ఒప్పుకోవడం సాయిలుకు ఎలా తోచిందో గానీ, అతను తండ్రికి వీపు పెట్టి గల్లీ వైపు గడప మీద కూర్చున్నాడు.

మొగులయ్యకు మాత్రం పని దొరికింది. చింతపండు ఉందా అని అడిగాడు. నీలమ్మ తెచ్చి ఇస్తే, వెలుతురు కోసం వాకిట్లోకి పోయి కూర్చుని కార్నెట్‌ను రుద్దడం మొదలుపెట్టాడు. కాసేపటికి గుండయ్య కూడా పక్కన కూర్చుని పొడుగు గొట్టాలదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.  మధ్యలో ఒకసారి, ఆ నల్ల కర్రది వాయించేవాడు ఎక్కడున్నాడని గుండయ్య అడిగితే, పోయి చాలా ఏళ్ళయిందని మొగులయ్య చెప్పాడు.

గుండయ్య నీళ్ళ కోసం లోపలికి వచ్చినప్పుడు నీలమ్మ ఆయన్ను ఆపింది. తప్పు తన మీద ఎందుకు వేసుకున్నాడని నోటితో అడగలేదు. అడిగినట్టే నిలబడింది.

"మీ అత్త ఇగ లేసొచ్చి జవాబు చెప్తదా బిడ్డా," అన్నాడు ఆయన. "నేనైతే ఉన్న గద."

చెంబు తీసుకుని వెళ్ళిపోయాడు.

కొమురమ్మ గోడ చూడడానికి లోపలికి వచ్చింది. ఆమె కూడా మట్టి పని తెలిసిన మనిషే. కంతలోకి తొంగి చూసి, కొంగుతో ముక్కు మూసుకుని, మూలనున్న కుప్ప దగ్గర వంగింది. నీలమ్మ వద్దని చెప్పేలోపే ఒక ముద్ద ఆమె చేతిలో ఉంది. కొమురమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. తిప్పడం ఆపింది. ఒకప్పుడు ఆమె, ఆగమ్మ కలిసే కట్టెలకు పోయేవాళ్ళు, ఒకే పొయ్యి మీద అంబలి కాచుకున్నారు.

ఆమె అరవలేదు. ముద్దను పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"మొగడు రిక్షా తొక్కుకుంట నెత్తురు కక్కిండు," అంది మెల్లగా. "పిల్లలకు అన్నం లేక జొన్న గటక పోసిన. మీ అత్తతోని నేను పడని లొల్లి లేదు. నీ మొగడు దొంగ అంటే ఇంత ఎత్తున లేచేది. గా కొట్లాట నాతోని కాదేమో. ఎవరితోని కొట్లాడిందో ఏమో." ముద్దను మళ్ళీ చూసింది. "కోపం రావాలె నాకు. వస్తుందో, వస్తలేదో తెలుస్తలే బిడ్డా."

నీలమ్మకు కూడా తెలియలేదు. ఆమె బకెట్టు కొంచెం దగ్గరకు జరిపింది. కొమురమ్మ బకెట్టులో కలిపిన మట్టిని చూసింది, వాకిట్లో పక్కపక్కన కూర్చుని ఇత్తడి రుద్దుతున్న ఇద్దరు ముసలివాళ్ళను చూసింది. ముద్దను నీళ్ళలో వేసి, చేయి ముంచి మిగతా మట్టితో కలిపి పిసికింది. కుప్పలోంచి ఇంకొకటి తీసుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఆ కుప్పంతా నానబెట్టారు.

మధ్యాహ్నం ఎదురింటివాళ్ళు పోతుంటే కార్నెట్ మొగులయ్య చంకలో ఉంది. రేపు మీటలకు నూనె పెట్టించుకు వస్తానన్నాడు. రేపు వస్తానన్న ఆ మాటకు గుండయ్య తల ఊపాడు. కొమురమ్మ గడప దాటుతూ నీలమ్మ చెవి దగ్గర, సాయిలుకు చెప్పాలా వద్దా అన్నది నువ్వే చూసుకో, నాకైతే తోచడం లేదని చెప్పి పోయింది.

సాయిలు లోపలికి వచ్చాడు. తండ్రి ఉన్న వైపు చూడకుండా ఆమె దగ్గర నిలబడి, కొమురమ్మతో అంతసేపు వెనకింట్లో ఏం చేశావని, ఆమె ఏమంటుందని అడిగాడు.

నీలమ్మ చేతులకు మట్టి ఆరిపోయి తెల్లబడుతోంది. భర్త ముఖం చూసింది. తల్లి పేరు వింటే ఇప్పటికీ గొంతు మారే మనిషి. తండ్రి పేరు వింటే ఈ పొద్దుటి నుంచి గొంతు మారుతున్న మనిషి. నోటి దాకా వచ్చిన మాట ఏదో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

"రేపు పూద్దమంటుంది," అంది. "గోడకు మట్టి మస్తు పడ్తదంట."

సాయిలు తల ఊపి చేతులు కడుక్కోవడానికి పోయాడు. అన్నది అబద్ధమా కాదా అని నీలమ్మ అక్కడే నిలబడి ఆలోచించింది. కంత పెద్దది. గోడకు నిజంగానే మట్టి ఎక్కువ పట్టేటట్టుంది.